సున్నా పెట్టని మంచం

"పెట్టాన్రా! నా చేత్తో నేనే పెట్టాను! బీరువాకి పెట్టాను, బల్లకి పెట్టాను, ఆఖరికి నీళ్ళ డ్రమ్ముకి కూడా పెట్టాను!"

మామయ్య ఆ మాట ఎన్నోసారి అంటున్నారో ఎవరూ లెక్కపెట్టడం లేదు. అన్న ప్రతిసారీ గొంతు పెరుగుతోంది, నమ్మకం తగ్గుతోంది.

నేను డ్యూటీ నుంచి వచ్చి గుమ్మంలో అడుగు పెట్టేసరికి ఇదీ వరస. వీధిలో మామయ్య వ్యాన్ దారికి అడ్డంగా నిలబడి ఉంది. దాని నిండా మా ఇల్లు. మేడ మీద మా ఇద్దరి గది ఈ రోజు ఖాళీ అవుతుందని తెలుసు. కానీ కింద అత్తయ్యా మామయ్యల ఇల్లు కూడా తుడిచిపెట్టినట్టు ఖాళీ అయిపోయింది. ముందు గది నడిమధ్య మామయ్య మడత మంచం ఒక్కటే మిగిలింది. దాని మీద అత్తయ్య చేతులు ఒళ్ళో పెట్టుకుని, బస్సు కోసం ఎదురుచూసే మనిషిలా కూర్చుని ఉంది.

"ఒరే నిచ్చెనా, నువ్వు చెప్పరా. సున్నాలు లేవా?"

నిచ్చెన అంటే మామయ్య దగ్గర సామాను మోసేవాళ్ళకి పెద్ద. అటక మీది వస్తువు అందుకోవడానికి స్టూలు అక్కర్లేని పొడుగు మనిషి, అందుకని ఆ పేరు.

"లేవు పెద్దయ్యా. ఉంటే ముట్టుకుంటామా? మీ మంచానికి ఒక్కదానికే ఉంది. దాన్ని ముట్టుకోలేదు, చూడండి."

నిజమే. మంచం కోడు మీద సుద్దతో పెట్టిన సున్నా తెల్లగా కనిపిస్తోంది.

ఇళ్ళు మారేవాళ్ళ సామాను చేరవేసే మామయ్య వ్యాన్ పనిలో ఉన్నది ఒక్కటే చట్టం. ఇంట్లో ఉండిపోవాల్సిన వస్తువుకి సుద్దతో సున్నా పెడతారు. సున్నా ఉన్నదాని జోలికి పోకూడదు. సున్నా లేనిది ఏదైనా సరే, వ్యాన్ ఎక్కాల్సిందే. ఎవరినీ అడిగే పని లేదు, ఆలోచించే పని అసలే లేదు. ఒకసారి ఎవరింట్లోనో తాతగారు కుర్చీలో కునుకు తీస్తుంటే కుర్చీతో సహా వీధి దాకా మోసుకొచ్చేశారట. "ఆయన మీద సున్నా లేదు కదండీ" అన్నాడట నిచ్చెన. ఆ కథ చెప్పుకుని మేం కడుపుబ్బ నవ్వుకునేవాళ్ళం. ఈ రోజు మా ఇంటి మీదికే వచ్చింది.

"పోనీలే నాన్నా," అన్నాడు మా ఆయన. "పెట్టాననుకుని మర్చిపోయి ఉంటావు. వయసు మీద పడితే మామూలే."

"వయసేంట్రా వయసు! ఊరు సగం నా వ్యాన్‌లో ఎక్కి దిగింది. ఒక్క గరిటె పోయిందన్నవాడు లేడు. నేను మర్చిపోతానా?"

"మరి సున్నాలేమయ్యాయి? ఎగిరిపోయాయా?"

 మామయ్య చొక్కా జేబులో చెయ్యి పెట్టి సుద్దముక్క బయటికి తీశారు. అరిగి చిటికెన వేలంత అయింది. దాన్నే చూస్తూ నిలబడ్డారు.

"అమ్మా, నువ్వు ఇంట్లోనే ఉన్నావు కదా," అని మా ఆయన అత్తయ్య వైపు తిరిగాడు. "మేమెవరం లేనప్పుడు వీళ్ళు కింద సామాను ఎత్తుతుంటే ఆపలేదేం?"

అత్తయ్య చీర కుచ్చిళ్ళు సర్దుకుంది.

"అమ్మగారు ఏమీ అనలేదండీ," అన్నాడు నిచ్చెన తలుపు దగ్గర్నించి. "టీ కూడా ఇచ్చారు."

"నువ్వు నోరుముయ్యవోయ్! అమ్మకి మాట పడిపోయి ఉంటుంది. ఇంటిని కళ్ళముందే ఎత్తుకుపోతుంటే ఎవరికైనా నోరు పెగులుతుందా?"

టీ ఇవ్వడానికి మాత్రం చేతులు ఎలా ఆడాయో ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు. ఆ క్షణంలో నాకు ఒక్కటే ఆత్రం. ఆ సామాను తిరిగి ఇంట్లోకి రావాలి, అదీ వెంటనే రావాలి. కింద ఇల్లు కింద ఇల్లుగా ఉంటేనే నా బతుకు నా చేతిలో ఉంటుంది.

ఎందుకో చెప్తాను.

మా ఆయన లిఫ్టులు బిగిస్తాడు. ఊరి చివర, బస్సు ఆఖరి స్టాపు కూడా దాటాక, మబ్బుల్లోకి లేస్తున్న ఆ అపార్టుమెంట్లన్నిటికీ. చిన్న మెకానిక్‌గా మొదలుపెట్టి ఈ మధ్యే సూపర్‌వైజర్ అయ్యాడు. నేను మా వీధి వెనకాల పెద్దాసుపత్రిలో, రక్తనిధిలో, అదే బ్లడ్ బ్యాంకులో, పని చేస్తాను. ఒకప్పుడు అత్తయ్య నర్సుగా చేసింది కూడా అక్కడే. ఇద్దరి జీతాలూ పెరిగాయి. పెరగ్గానే మా ఆయనకి ఆ మబ్బుల్లో ఒక ఫ్లాటు కావాల్సి వచ్చింది. కొన్నాడు. నా కొత్త జీతం చూసే బ్యాంకు వాళ్ళు ఊ అన్నారు.

ఆ కొత్త జీతం ఎలా వచ్చింది? రక్తనిధికి నన్ను ఇన్‌చార్జిని చేశారు కాబట్టి వచ్చింది. ఆ కుర్చీకి ఒక షరతుంది. ఏ వేళ పిలుపు వచ్చినా నడిచి వచ్చేంత దూరంలో ఇల్లుండాలి. ఆపరేషన్ బల్ల మీద మనిషి ఉంటే ఇన్‌చార్జి బస్సులో కూర్చుని ఉంటానంటే కుదరదు. అంటే, కుర్చీ వల్ల జీతం వచ్చింది, జీతం వల్ల ఫ్లాటు వచ్చింది, ఆ ఫ్లాటుకి పోతే కుర్చీ పోతుంది. ఈ చోద్యం ఎవరితో చెప్పుకోను!

ఎవరితోనూ చెప్పుకోలేదు. మా ఆయనతో కూడా. జీతం నాదే ఎక్కువైనప్పటి నుంచి ఆయన దగ్గర ఉద్యోగం ఊసెత్తడమే మానేశాను. దానికి బదులు తెలివిగా ఇంకో మాట అన్నాను.

"అత్తయ్య వస్తేనే నేనూ వస్తాను."

ఆ ఒక్క మాటతో చుట్టాల్లో నా పేరు మారుమోగిపోయింది. అత్తగారిని వదిలి అడుగు బయట పెట్టనందట, ఈ రోజుల్లో ఇలాంటి కోడలా అని ఒకరికొకరు ఫోన్లు చేసుకున్నారు. నేను తల వంచుకుని ఆ పొగడ్తలన్నీ అందుకున్నాను. అత్తయ్య ఈ వీధి వదలదు, అదీ నా ధీమా. పదిమందికీ బీపీ చూస్తూ, సూదులు వేస్తూ, కట్లు కడుతూ సూదులమ్మ అని పేరు పడ్డ మనిషి ఈ ముందు గదిని వదిలి ఎక్కడికి పోతుంది?

పోయిన వారం రాజీ కూడా కుదిరింది. మేడ మీది సామాను ముందు వెళ్తుంది. సామానుతో పాటు ఆయన వెళ్తాడు. అత్తయ్య మనసు మారేదాకా నేను కింద ఆవిడ దగ్గరే పడుకుంటాను. ఆ మనసు ఎప్పటికీ మారదని నేను లోలోపల సంబరపడ్డాను. ఇదిగో, ఇప్పుడు నా సంబరమంతా వ్యాన్ ఎక్కి కూర్చుంది.

"నిచ్చెనా, దించండి," అన్నాను. "కింద సామాను మొత్తం దించండి. ముందు బీరువా."

"ఆగండి, ఆగండి," అన్నాడు మా ఆయన. "ఎలాగూ ఎక్కింది కదా. ఒక్క మాట ఆలోచిద్దాం."

"ఏమిటి ఆలోచించేది?"

"అదికాదు... ఎక్కడమైతే ఎక్కింది. అమ్మ ఒకసారి వచ్చి ఇల్లు చూస్తుంది. నచ్చకపోతే తిరిగి తెచ్చేద్దాం. వ్యాన్ మనదేగా."

"ఓహో, పొరపాటు జరిగింది కాబట్టి దాన్నే ఖాయం చేద్దామంటారా?"

అత్తయ్య, మామయ్యల ముందు నేను ఆయన్ని మీరు అంటాను. మేడ మెట్లు ఎక్కాక నువ్వు. పెళ్ళయినప్పటి నుంచీ అదే అలవాటు. ఆ మీరు అన్నప్పుడల్లా ఆయన పెదవి చివర ఒక నవ్వు మొలుస్తుంది. ఈ రోజు మొలవలేదు.

"నేను చెప్పేది కూడా కాస్త వినండి అందరూ," అన్నాడు. "ఆ ఇళ్ళకి లిఫ్టులు బిగించేది నేను. పరీక్ష చెయ్యడానికి మొదట పైకెళ్ళేదీ నేనే. పైన గాలి, వెలుతురు, కిటికీలోంచి చూస్తే కంటికి ఏదీ అడ్డం ఉండదు. తర్వాత తాళాలు ఎవరి చేతుల్లోనో పెట్టి కిందికి దిగొచ్చేస్తాను. వచ్చి ఈ రేకుల గదిలో పడుకుంటాను. ఒక్కసారి, ఒక్కసారి ఎక్కి, దిగకుండా ఉండిపోవాలని నాకుండదా?"

 నాకూ జాలేసింది. మేడ మీది గదిలో ఎండాకాలం ఆయన తడి తువ్వాలు ఛాతీ మీద వేసుకుని పడుకోవడం రోజూ చూసేది నేనేగా.

"ఎక్కరా, ఎవరొద్దన్నారు?" అన్నారు మామయ్య. "మీ అమ్మనెందుకు మూట కట్టి ఎక్కిస్తావు? అది ఇక్కణ్ణించి కదిలే మనిషి కాదు."

"అమ్మ కదలదని నువ్వే అంటావు, నువ్వే వింటావు!"

"నేనే కాదురా, ఊరంతా అంటుంది."

ఆ మాటల మధ్యలోనే ఇంటి ఓనరు గారబ్బాయి దిగబడ్డాడు. చేతిలో కారు తాళాలు తిప్పుకుంటూ నేరుగా ముందు గదిలోకి వచ్చి, ఖాళీ గోడలు చూసి మొహం చాటంత చేసుకున్నాడు.

"అబ్బో! మొత్తానికి ఖాళీ చేసేస్తున్నారన్నమాట! నాకొక మాటైనా చెప్పలేదేంటండీ?"

"ఖాళీ చెయ్యట్లేదు," అన్నారు మామయ్య.

"మరి సామానంతా?"

"గాలి తగలాలని బయట పెట్టాం."

"వ్యాన్‌లోనా?"

"వ్యాన్‌లోనే. ఏం, వ్యాన్‌లో గాలి ఉండదా?"

ఇంకో రోజైతే పగలబడి నవ్వేదాన్ని. ఓనరు గారబ్బాయి మాత్రం నవ్వేశాడు. మర్యాదస్తుడే, మాట మెత్తగానే ఉంటుంది. అదే వాడితో వచ్చిన చిక్కు.

"బాబాయ్ గారూ, దాచడం దేనికి? మీ వీధికి ఇప్పుడు గిరాకీ ఎలా ఉందో మీకు తెలీదు. అప్పట్లో నాలుగు డబ్బులు చేతిలో ఆడగానే అందరూ ఊరి చివరికి పరిగెత్తారు. ఇప్పుడు బాగా సంపాదించే కుర్రాళ్ళంతా మళ్ళీ ఊరి మధ్యకే వస్తామంటున్నారు. బస్సుల్లో నలిగి నలిగి ప్రాణం విసిగిందట. చిన్న గదైనా పర్లేదు, ఆఫీసుకి నడిచి వెళ్ళాలంటారు. ఎంత చెప్తే అంత ఇస్తామంటున్నారు. మీరున్నంత కాలం మీ జోలికి రాను, నాన్నగారికి మాటిచ్చాను. కానీ మీరు వెళ్ళిపోతే చెప్పండి. సాయంత్రం ఒకసారి వస్తాను. మనుషులుంటే మీ ఇల్లు. లేకపోతే తాళం నేనేసుకుంటాను."

వెళ్తూ వెళ్తూ కిటికీని ఒక చూపు చూసి, "ఇక్కడ ఏసీ పెట్టొచ్చు," అని తనలో తాను అనుకున్నాడు. అందరికీ వినిపించింది.

వాడు పోయాక మామయ్య గోడకి ఆనుకుని నేల మీద కూలబడ్డారు. ఆయన అలా కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు. ఎంత బరువు మోసినా నిలబడే నీళ్ళు తాగే మనిషి.

"అమ్మాయ్," అన్నారు మెల్లగా, నాకొక్కదానికే వినిపించేలా. "నిజంగా పెట్టానంటావా? నాకు పెట్టినట్టే ఉంది. బీరువా తలుపు మీద పెడుతుంటే సుద్ద విరిగింది కూడా. కానీ వీళ్ళందరూ లేదంటున్నారు. బుర్ర చెడుతోందేమో. మా నాన్నకి ఇట్లాగే మొదలైంది."

"ఛ, అవేం మాటలు మామయ్యా!"

అన్నానే గానీ ఆయన కళ్ళల్లోకి చూడలేకపోయాను. విసురుగా లేచి వీధిలోకి వెళ్ళి వ్యాన్ ఎక్కాను. ఒక్క సున్నా దొరికినా చాలు, సగం చెరిగిపోయిన సున్నా అయినా చాలు, పట్టుకొచ్చి ఆయనకి చూపించాలి.

వ్యాన్‌లో మా ఇల్లంతా తలకిందులుగా ఉంది. నా రాత బల్ల, దాని మీద మా డబుల్ మంచం చెక్కలు, పక్కన అత్తయ్య సూదుల బల్ల. సందుల్లోంచి దూరి బీరువా దగ్గరికి వెళ్ళాను. తలుపు మీద చెయ్యి వేసి తడిమాను. చుట్టూ ఏళ్ళ తరబడి పట్టిన మసి. మధ్యలో ఒక్కచోట మాత్రం గుండ్రంగా, అద్దంలా శుభ్రంగా ఉంది.

బీరువా పిడి వెనకాల చిన్న దూది ఉండ ఇరుక్కుని ఉంది. లాగాను. ఒక పక్క సుద్ద అంటుకుని ఉంది. ముక్కు దగ్గర పెట్టుకున్నాను.

స్పిరిట్ వాసన. పొద్దున్నుంచి సాయంత్రం దాకా నా చేతులకి ఉండే వాసనే. అందులో పొరబడను.

మా ఇంట్లో మరక కనిపిస్తే తడిగుడ్డ కాకుండా దూదీ స్పిరిటూ తీసుకునే మనిషి ఒక్కరే ఉన్నారు.

నేను తిరిగి లోపలికి వచ్చేసరికి అత్తయ్య మంచం మీద లేదు. వంటగదిలో, ఒక్క గిన్నె కూడా లేని గట్టు దగ్గర నిలబడి కిటికీలోంచి బయటికి చూస్తోంది. తలుపు దగ్గరగా వేశాను.

"అత్తయ్యా, ఇది మీదేనా?"

దూది చూసింది. మొహంలో కంగారేమీ లేదు.

"పారెయ్యడం మర్చిపోయానా? ఇన్నేళ్ళు నర్సు పని చేసి ఏం లాభం."

"ఎందుకు చేశారీ పని?"

"వెళ్దామని."

"ఎక్కడికి?"

"వ్యాన్ ఎక్కడికి వెళ్తే అక్కడికి."

 "మీరు... మీరు ఈ వీధి వదలరు కదా!"

"అని మీ మామయ్య అన్నారు. మీ ఆయన అన్నాడు. నువ్వూ అన్నావు. నేనెప్పుడైనా అన్నానా?"

వెనక్కి వెళ్ళి వెతుక్కున్నాను. ఇన్ని నెలల గొడవల్లో, ఇన్ని రాత్రుల వాదనల్లో, అత్తయ్య నోటి నుంచి ఆ మాట ఒక్కసారైనా వచ్చిందా? రాలేదు. అందరం ఆవిడ తరఫున కొట్టుకున్నామే గానీ ఆవిడని అడిగిన పాపాన పోలేదు.

"ఇటు రా," అంది అత్తయ్య. కిటికీ దగ్గరికి వెళ్ళాను. "ఎదురుగా అద్దాల కాఫీ షాపుంది చూడు. అది ఎవరిల్లు?"

"టైలరు గారిది."

"ఆ పక్కది?"

"కవలపిల్లల వాళ్ళది."

"వాళ్ళందరినీ ఇక్కణ్ణించి తీసుకెళ్ళి దింపిందెవరు? మీ మామయ్య. కొడుక్కి ఉద్యోగం వచ్చిందనో, కొట్టు బాగా నడుస్తోందనో, కాస్త ఊపిరాడగానే ఒక్కొక్క ఇల్లే ఎక్కింది. ఆ వ్యాన్ వెనకాల నిలబడి ప్రతిసారీ చెయ్యి ఊపింది నేను. నా వీధిని ముక్కలు ముక్కలుగా అక్కడికి చేరవేసి, నువ్వు మాత్రం ఇక్కడే ఉండు, నీకు ఈ వీధంటే ప్రాణం అంటారు. ఏ వీధే? ఇక్కడ మిగిలినవి గోడలు."

"మీ దగ్గరికి ఇప్పటికీ వస్తారుగా అత్తయ్యా?"

"ఎవరొస్తారు? మొన్న ఆ కాఫీ షాపులో పిల్ల వేలు కోసుకుంది. కట్టు కడదామని పెట్టె పట్టుకుని పరిగెత్తాను. 'ఆంటీ, మీరెవరు?' అంది. అది తప్పూ కాదు. దానికి నేనెవరిని? టైలరు పెళ్ళాం మాత్రం వారానికోసారి ఫోను చేస్తుంది. సూదులమ్మా, ఇక్కడ సుగరు సూది వేసే దిక్కు లేదు, నువ్వుంటే ఎంత బాగుండేదో అని. నేనిక్కడ ముందు గదిలో తలుపు తీసి పెట్టుకుని సాయంత్రం దాకా కూర్చుంటాను. నా పెట్టెలో దూది పసుపెక్కిపోతోంది."

"ఆ ముక్క నోటితో చెప్పొచ్చుగా! పాపం మామయ్య తనకి బుర్ర పోయిందనుకుంటున్నారు!"

అప్పుడు కదిలింది అత్తయ్య మొహం. కళ్ళు నీళ్ళతో నిండాయి.

"చెప్దామనే రాత్రి ఆయన దగ్గరికి వెళ్ళాను. ఆయన ఒక్కో వస్తువు దగ్గరా ఆగి, పసిపిల్లకి బొట్టు పెట్టినంత జాగ్రత్తగా సున్నాలు పెడుతున్నారు. నా బల్ల దగ్గర ఇంకాస్త సేపు ఆగారు. ఇది నా కోసమే చేస్తున్నారే, ఎలా చెప్పను? నోరు రాలేదు. పొద్దున మీరంతా వెళ్ళాక చేతులు వాటంతటవే దూది తీసుకున్నాయి. ఆయన రారు, తెలుసు. ఊళ్ళోకి వచ్చే కొత్తవాళ్ళ సామానంతా ఇప్పుడు ఆయన వ్యాన్‌లోనేగా. అందుకే ఆ మంచం సున్నా చెరపలేదు."

నేను గోడకి ఆనుకున్నాను. ఏడుపొచ్చింది. ఆవిడ కోసం కాదు, ముందు నా కోసం. సిగ్గులేకుండా చెప్తున్నాను, నా కుర్చీ కోసం.

"అత్తయ్యా, ఇంకొన్నాళ్ళు ఆగకూడదా?"

"ఎందుకు, నీ ఇన్‌చార్జి పని కోసమా?"

తలెత్తి చూశాను.

"ఆ కుర్చీకి నడిచొచ్చే దూరంలో ఇల్లుండాలని నాకు తెలీదనుకున్నావా? ఆ ఆసుపత్రిలో నా జుట్టు నెరిసింది. నీకు ఆ కుర్చీ వచ్చిన రోజే తెలుసు. ఎప్పుడో ఒకనాడు నువ్వే వచ్చి చెప్తావని చూశాను. నువ్వు చెప్పలేదు. నన్ను అడ్డం పెట్టుకున్నావు. అత్తంటే ఎంత ప్రేమో అని చుట్టాలందరూ నాకు ఫోన్లు చేస్తుంటే నవ్వాలో ఏడవాలో తెలీలేదు."

ఆవిడ గొంతులో కోపం లేదు. కోపముంటే భరించేదాన్ని.

తలుపు తీసుకుని అత్తయ్య ముందు గదిలోకి వెళ్ళింది. నేల మీద కూర్చున్న మామయ్య ఎదుట నిలబడింది.

"ఏవండీ. మీరు సున్నాలు పెట్టారు. అన్నిటికీ పెట్టారు. నేను చెరిపాను."

మామయ్య ఒక్క ఉదుటున లేచారు. మొహం వెలిగిపోయింది.

"పెట్టానా! విన్నావట్రా నిచ్చెనా! పెట్టానురా! నేను చెప్పలా? నా బుర్రకేం కాలేదు!"

నిచ్చెన కూడా హమ్మయ్య అనుకుని పళ్ళికిలించాడు. మామయ్య కొడుకు వైపు తిరిగి, "ఏరా, వయసన్నావు?" అని ఒక చరుపు చరిచారు. ఆ సంతోషం ఆయన మొహం మీద ఉండగానే మాటలో రెండో సగం ఆయనకి ఎక్కింది. చెయ్యి మెల్లగా కిందికి దిగింది.

"నువ్వు చెరిపావా?"

"ఊ."

"అంటే... వెళ్తావా?"

"వెళ్తాను."

"మరి నేను?"

"మీ ఇష్టం. మంచం ఉంచాను. వస్తానంటే అదీ ఎక్కిద్దాం. దూది ఇంకా ఉంది."

 మామయ్య మంచం పట్టీ మీద చెయ్యి వేసి, దుమ్ము లేకపోయినా తుడుస్తూ నిలబడ్డారు. అత్తయ్య ఆయన చొక్కా కాలరు సరిచేసింది. అంతే.

మా ఆయనకి మాత్రం పట్టపగ్గాల్లేవు. "నేను చెప్పలేదూ? అమ్మకి ఇష్టమేనని నేను చెప్పలేదూ?" అంటూ నా దగ్గరికి వచ్చాడు. ఆయన ఎన్నడూ చెప్పలేదు. "ఇంకేం మరి? నీ మాటేంటి? అమ్మ వస్తే వస్తానన్నావు. పద, అన్ని గదులూ చూపిస్తాను. తూర్పు కిటికీ దగ్గర నీ రాత బల్ల వేద్దామనుకున్నా."

 అందరూ నా వైపే చూస్తున్నారు.

"నేను రాలేను," అన్నాను.

"ఏంటీ?"

"రాలేను. వస్తే ఇన్‌చార్జి పని పోతుంది. పిలిస్తే నడిచొచ్చేంత దగ్గర్లో ఉండేవాళ్ళకే అది ఇస్తారు."

 ఆయన నవ్వు మొహం మీద అలాగే ఉండిపోయింది, దాన్ని తీసెయ్యాలని ఆయనకి గుర్తు రానట్టు.

"ఇది నీకు ఎప్పటి నుంచి తెలుసు?"

"ఆ పని ఇచ్చిన రోజు నుంచి."

"అంటే ఫ్లాటు కొనకముందు నుంచి."

"ఊ."

"మరి అమ్మ వస్తేనే వస్తానన్నది?"

నేను తల వంచుకున్నాను.

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే ఏమనేవాడివి? జీతం ఎక్కువని నెత్తికెక్కిందనేవాడివి కాదూ? ఆ మధ్య మీ బావ ఏదో వేళాకోళమాడితే నువ్వు రెండ్రోజులు నాతో మాట్లాడలేదు, గుర్తులేదా?"

నువ్వు అన్నాను. కింద, అత్తయ్య, మామయ్యల ముందు, మొదటిసారి. అన్నాక గానీ తెలియలేదు. ఆయన పెదవి చివర ఏమీ మొలవలేదు.

"ఏమో," అన్నాడు. "అలాగే అనేవాణ్ణేమో. లేకపోతే, సరే అయితే ఫ్లాటు వద్దులే, ఇక్కడే చిన్నదేదైనా చూద్దాం అనేవాణ్ణేమో. నాకు తెలీదు. నీకూ తెలీదు. అడగలేదుగా నువ్వు."

ఆ మాట తిన్నగా వచ్చి తగిలింది. అత్తయ్యని ఎవరూ అడగలేదని ఇందాకే తెలుసుకున్నాను. ఇంటి నిండా అదే జబ్బు, నేను దానికి మినహాయింపు కాదు.

"అమ్మాయ్," అంది అత్తయ్య. మామయ్య జేబులోంచి సుద్దముక్క తీసి నా ముందు పట్టుకుంది. "మేడ మీది మీ సామాను జోలికి నేను వెళ్ళలేదు. పెట్టలేదు, చెరపలేదు. అది నువ్వే పెట్టుకోవాలి. ఈసారి నా పేరు చెప్పకు."

సుద్దముక్క అందుకున్నాను.  వీధిలోకి నడిచి వ్యాన్ ఎక్కి, నా రాత బల్ల అంచు మీద సున్నా పెట్టాను. వంకర టింకరగా వచ్చింది. మామయ్య చూస్తే నవ్వేవారు.

"నిచ్చెనా, ఇది దించు."

"సరే చిన్నమ్మా," అన్నాడు నిచ్చెన. సున్నా ఉంటే వాడికి ప్రశ్నలుండవు.

బల్ల లోపలికి వెళ్ళింది. ఖాళీ గదిలో మామయ్య దాన్ని తన మంచం పక్కనే పెట్టించారు. సాయంత్రం ఓనరు గారబ్బాయి వస్తే చూపించడానికి ఒక మంచం, ఒక బల్ల, ఇద్దరు మనుషులు. మామగారూ, కోడలూ. రేపటి నుంచి చుట్టాలు ఏమని ఫోన్లు చేసుకుంటారో తలుచుకుంటే ఆ బాధలోనూ నవ్వొచ్చింది. మామయ్య బల్లని ఒకసారి ఊపి చూసి, "కాలు ఎగుడుదిగుడుగా ఉందమ్మాయ్, అట్ట పెడతాను," అన్నారు. 

అత్తయ్య తన మందుల పెట్టె పట్టుకుని వ్యాన్ ముందు సీట్లో కూర్చుంది. వెనక్కి తిరిగి చూడలేదు. అద్దంలోంచి మాత్రం మామయ్యనే చూస్తోంది, నాకు కనిపించింది.

మా ఆయన తాళాలు పట్టుకుని గుమ్మంలోనే ఉన్నాడు. వెళ్తున్నానని చెప్పలేదు. ఉంటాననీ చెప్పలేదు. నా వైపు చూడకుండా బూటు లేసు విప్పి మళ్ళీ కట్టుకున్నాడు.

"చిన్నమ్మా!"

నిచ్చెన వ్యాన్ వెనకాల నిలబడి అరుస్తున్నాడు. పాపం, పని తప్ప ఇంకేమీ పట్టని మనిషి. బల్ల బయటికి తీయడానికి దాని మీద ఉన్న మా డబుల్ మంచం చెక్కలన్నీ వీధిలోకి దించాల్సి వచ్చింది. అవి మా గోడకి ఆనించి ఉన్నాయి. నడిచి వెళ్ళేవాళ్ళు పక్కకి తప్పుకుని పోతున్నారు.

"ఈ మంచం సంగతేంటమ్మా? సున్నా పెడతారా, ఎక్కించెయ్యమంటారా?"

సుద్దముక్క ఇంకా నా వేళ్ళ మధ్యే ఉంది. చెమటకి మెత్తబడింది. నేను మా ఆయన వైపు చూశాను.

ఆయన నా చెయ్యినే చూస్తున్నాడు.

"అడుగుతున్నాడుగా," అన్నాడు. "చెప్పు."